బీటెక్ ఫస్టియర్ ఇంగ్లీష్: ఏం ఆశించి వెళ్లాను, ఏం జరిగింది

"బీటెక్‌లో చేరితే ఇంగ్లీష్ వాళ్లే నేర్పిస్తారట కదక్కా, మళ్లీ కోచింగ్ ఎందుకు?" ఈ ఏడు ఇంజనీరింగ్‌లో చేరుతున్న మా ఊరి పిల్లలు నన్ను ఎక్కువగా అడుగుతున్న మాట ఇది. వాళ్ల అమ్మానాన్నలకూ అదే నమ్మకం. ఫోన్‌లో ఎంత చెప్పినా ఏదో ఒకటి మిగిలిపోతోంది. అందుకే మొదటి రోజు నుంచి గ్రేడ్లు వచ్చేదాకా నాకు జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. నాలాగా తెలుగు మీడియం నుంచి వెళ్లేవాళ్లు ముందే తెలుసుకుంటే కొంత టెన్షన్, కొంత డబ్బు మిగులుతాయి.

మాది నాగర్‌కర్నూల్ జిల్లాలో ఒక పల్లె. పదో తరగతి దాకా జిల్లా పరిషత్ హైస్కూల్, తెలుగు మీడియం. తొమ్మిదో తరగతి కరోనాలోనే గడిచిపోయింది. 2022లో పది పాసయ్యాను. మా వెనక వచ్చిన చిన్న తరగతుల పిల్లలకు 2022-23 నుంచి సర్కారు బడుల్లో ఇంగ్లీష్ మీడియం వచ్చింది. ఇంటర్‌లో మా తర్వాతి బ్యాచ్‌కు ఇంగ్లీష్ ప్రాక్టికల్స్ కూడా వచ్చాయి. మాకు ఆ రెండూ అందలేదు. ఇంటర్ ఎంపీసీ పేరుకు ఇంగ్లీష్ మీడియమే కానీ పుస్తకం ఇంగ్లీషులో ఉండేది, పాఠం తెలుగులో నడిచేది, పరీక్షకు మాత్రం బట్టీ పట్టేవాళ్లం. ఇంగ్లీష్ పేపర్లో మార్కులు బాగానే వచ్చాయి. కానీ ఒక్క పూర్తి వాక్యం నోటితో చెప్పాల్సిన అవసరం ఆ రెండేళ్లలో ఎప్పుడూ రాలేదు.

2024లో ఎప్‌సెట్ కౌన్సెలింగ్‌లో హైదరాబాద్ శివార్లలోని ఒక ప్రైవేట్ కాలేజీలో సీఎస్‌ఈ సీటు వచ్చింది. మాది అటానమస్ కాలేజీ. ప్రశ్నపత్రాలు, పరీక్ష తేదీలు కాలేజీవే. సిలబస్, మార్కుల పద్ధతి మాత్రం మా బ్యాచ్‌కు జేఎన్‌టీయూ హైదరాబాద్ 2022లో తెచ్చిన ఆర్22 నిబంధనల దారిలోనే ఉన్నాయి.

సెప్టెంబర్‌లో క్లాసులు మొదలయ్యాయి. టైంటేబుల్ నోటీసు బోర్డు మీద పెట్టగానే నేను ముందు వెతికింది ఇంగ్లీష్ పీరియడ్ కోసమే. లేదు. ఒకటికి రెండుసార్లు చూసుకుని పక్కమ్మాయిని అడిగాను. "మన బ్రాంచికి సెకండ్ సెమ్‌లో ఉంటదంట" అంది. కొన్ని బ్రాంచిలకు ఇంగ్లీష్ మొదటి సెమిస్టర్‌లో వస్తుంది, కొన్నింటికి రెండో దాంట్లో. మాకు రెండో దాంట్లో. చేరే ముందు ఈ సంగతి నాకు ఎవరూ చెప్పలేదు. మీ బ్రాంచికి ఎప్పుడుందో కాలేజీ వెబ్‌సైట్‌లోని సిలబస్‌లో చూసుకోండి, మొదటి పేజీల్లోనే ఉంటుంది.

ఇంగ్లీష్ సబ్జెక్టు లేకపోయినా మిగతా క్లాసులన్నీ ఇంగ్లీషులోనే నడిచేవి. లెక్కలు ఫర్వాలేదు, బోర్డు మీద చూస్తే అర్థమైపోతాయి. ప్రోగ్రామింగ్ క్లాసులో సార్ మాట్లాడే వేగానికి నోట్‌బుక్ మార్జిన్ నిండా తెలుగు అక్షరాల్లో 'ఇనిషియలైజ్', 'ఇటరేట్' అని రాసుకుని, హాస్టల్‌కు వచ్చాక ఒక్కొక్కటే వెతుక్కునేదాన్ని. క్లాసులో వింటున్నప్పుడు ఒక్క మాట దగ్గర ఆగితే తర్వాతి రెండు నిమిషాలు పోయేవి.

అన్నింటికన్నా బాధ పెట్టింది కెమిస్ట్రీ ల్యాబ్ వైవా, అంటే నోటితో జవాబు చెప్పే పరీక్ష. ఈడీటీఏ అనే రసాయనంతో నీటి కాఠిన్యం కొలిచే ప్రయోగం. నాకు కొట్టిన పిండి. బఫర్ ఎందుకు కలుపుతారని సార్ అడిగారు. పీహెచ్ పది దగ్గర నిలవాలి, లేకపోతే ఇండికేటర్ రంగు సరిగ్గా మారదు. జవాబు తెలుగులో నాలుక చివరే ఉంది. నోట్లోంచి మాత్రం "సార్, పీహెచ్... టెన్..." దాటి రాలేదు. సార్ ఇంకొక్క క్షణం చూసి తర్వాతి రోల్ నంబర్ పిలిచారు. తెలియక మార్కులు పోతే అంత అనిపించదు. తెలిసినదే చెప్పలేక పోగొట్టుకుంటే ఆ రాత్రి నిద్ర పట్టదు. మెస్‌లో అన్నం ముందు కూర్చున్నాను, ఏడుపొక్కటే తక్కువ.

అక్టోబర్‌లో అమీర్‌పేటలో స్పోకెన్ ఇంగ్లీష్ కోర్సులో చేరాను. నెలన్నరకు నాలుగు వేల ఐదు వందలు. నాయన పత్తి అమ్మిన డబ్బుల్లోంచి పంపాడు. కాలేజీ అయ్యాక బస్సు, ఆ తర్వాత మెట్రో. తిరిగి హాస్టల్‌కు వచ్చేసరికి వార్డెన్ గేటు దగ్గర నిలబడి ఉండేది. కోచింగ్‌లో ఒక హాలు నిండా జనం. సార్ మైకులో చెప్పిన వాక్యాన్ని అందరం కలిసి గట్టిగా అనాలి. ఒంటరిగా నిలబడి మాట్లాడే వంతు నా దాకా వచ్చేది కాదు. కాలేజీలో సెమిస్టర్ మధ్యలో జరిగే మిడ్ పరీక్షలు రాగానే మానేశాను. మిగిలిన రోజులకు డబ్బు వెనక్కి ఇవ్వరు, ఆ మాట రసీదు మీదే రాసి ఉంటుంది. చేరేవాళ్లు ఒక్కటే అడగండి: బ్యాచ్‌లో ఎంతమంది, ఒక్కొక్కరు రోజూ ఎంతసేపు మాట్లాడతారు? దీనికి సూటిగా జవాబు రాకపోతే అక్కడ చేరకండి.

2025 ఫిబ్రవరిలో రెండో సెమిస్టర్ మొదలైంది. సబ్జెక్టు పేరు 'ఇంగ్లీష్ ఫర్ స్కిల్ ఎన్‌హాన్స్‌మెంట్'. వారానికి రెండు గంటల క్లాసు, రెండు క్రెడిట్లు. దాంతోపాటు ఒక క్రెడిట్ ల్యాబ్, వారానికి రెండు గంటలు. ఐదు నెలలుగా నేను ఎదురుచూసినదంతా ఈ నాలుగు గంటల్లోనే ఉంది.

మొదటి క్లాసులో మేడం పాఠం మొదలుపెట్టలేదు. తలా ఒక చిన్న కాగితం ఇచ్చి, ఈ కోర్సు నుంచి మీకేం కావాలో రాయండి, పేరు అక్కర్లేదు, తెలుగులో రాసినా ఫర్వాలేదు అన్నారు. ఆ చివరి మాటతో నాకు ఊపిరి వచ్చింది. "క్లాసులో చెప్పేది అర్థం కావాలి. వైవాలో నోరు పెగలాలి" అని రాశాను. కాగితాలన్నీ కలిపి ఆవిడ ఒక్కొక్కటే చదివారు. విన్నకొద్దీ ఆశ్చర్యం వేసింది. ఒకే గదిలో కూర్చున్నాం కానీ ఒక్కొక్కరు ఒక్కో కోర్సు కోసం వచ్చారు. గ్రామర్ మొత్తం మొదటి నుంచి చెప్పాలని కొందరు. క్యాంపస్ ఇంటర్వ్యూలో పనికొచ్చేదే చెప్పాలని చాలామంది. అమెరికా యాస రావాలని ఒకరు, సబ్‌టైటిల్స్ లేకుండా సినిమా అర్థం కావాలని ఇంకొకరు. ఈ పీరియడ్ తీసేసి కోడింగ్‌కు ఇవ్వండి అని కూడా ఒకరు రాశారు. "తప్పు మాట్లాడితే నవ్వకుండా ఉంటే చాలు" అన్న కాగితం చదివినప్పుడు మాత్రం క్లాసంతా నిశ్శబ్దమైంది. ఆ కాగితం ఇంగ్లీషులోనే ఉంది, తప్పు లేని ఇంగ్లీషులో.

మేడం దాచకుండా చెప్పేశారు. గ్రామర్ మొదటి నుంచి చెప్పే టైం లేదు. ఐదు యూనిట్లలో ఆర్టికల్స్, ప్రిపొజిషన్స్, కర్తకు క్రియకు పొంతన, కాలాలు, తరచూ దొర్లే తప్పులు ఉంటాయి, అవి సందర్భం వచ్చినప్పుడు చెప్తాను. యాస ఈ కోర్సు పని కాదు. మాట్లాడటం ల్యాబ్‌లోనే. పరీక్షలో మార్కులు వచ్చేది రాతకు. ఆ రోజు ఆవిడ మీద కొంచెం కోపమొచ్చింది. ఇప్పుడనిపిస్తోంది, ఆ సెమిస్టర్‌లో నాకు జరిగిన పెద్ద మేలు ఆ ముక్కుసూటి మాటే. ఇక్కడ దొరకని దాని కోసం ఎదురుచూడటం మానేశాను.

క్లాసు సంగతి. ఐదు యూనిట్లకు ఐదు పాఠాలు: ఆర్.కె. నారాయణ్ వ్యాసం ఒకటి, జేఆర్‌డీ టాటా గురించి సుధామూర్తి రాసింది, ఆన్‌లైన్ చదువుల మీద ఒకటి, అబ్దుల్ కలాం వ్యాసం ఒకటి, చివరగా సుబ్రతో బాగ్చీ ప్రసంగం. భయపడాల్సినంత కఠినమైన ఇంగ్లీష్ కాదు. బాగ్చీ తన అమ్మానాన్నల గురించి, చూపు పోయిన తల్లి గురించి చెప్పినది హాస్టల్లో మంచం మీద కూర్చుని చదివాను. డిక్షనరీ తీయకుండా చివరిదాకా వెళ్లిన మొదటి ఇంగ్లీష్ పాఠం అదే. కానీ క్లాసులో వీటికి దొరికే సమయం తక్కువ. మేడం చదువుతారు, కష్టమైన మాటలు చెప్తారు, ప్రశ్నలు జవాబులు వస్తాయి, యూనిట్ అయిపోతుంది. అరవై మందిని రెండు గంటల్లో ఒక్కొక్కరి చేతా చదివించడం ఎవరి వల్లా కాదు.

రాతలో మాత్రం నాకు నిజంగా ఉపయోగపడింది ఫార్మల్ లెటర్, ఈమెయిల్. మార్చిలో స్కాలర్‌షిప్ దరఖాస్తులో నా పేరు స్పెల్లింగ్ తప్పు పడింది. క్లాసులో ఫిర్యాదు లేఖ చెప్పిన వారమే ఆ పద్ధతిలో కాలేజీ ఆఫీసుకు మెయిల్ రాశాను. సబ్జెక్ట్ లైన్‌లో హాల్ టికెట్ నంబర్, మొదటి వాక్యంలోనే పని, చివర జత చేసిన కాగితాల పేర్లు. అంతకుముందు కౌంటర్ దగ్గర ఎన్నిసార్లు నిలబడినా కదలని పని ఆ మెయిల్‌కు కదిలింది. ఇంగ్లీష్ మీడియంలో చదివిన నా రూమ్మేట్ కూకట్‌పల్లి అమ్మాయి. గడగడా మాట్లాడుతుంది. తను కూడా ఆ వారం తన మెయిల్ నా చేత చూపించుకుంది. ఇలాంటి రోజు వస్తుందని నేను ఊహించలేదు.

ఇక ల్యాబ్. ఇందులో రెండు భాగాలు. మొదటిది కంప్యూటర్ ముందు హెడ్‌సెట్ పెట్టుకుని వినడం, పలకడం. రెండోది కుర్చీలు గుండ్రంగా వేసుకుని మాట్లాడటం. మొదటి రోజే ఒక చిక్కు. ల్యాబ్ హెడ్‌సెట్లలో సగం పనిచేయవు, ఒక చెవిలో వినిపిస్తే ఒక చెవిలో వినిపించదు. నా ఫోన్ ఇయర్‌ఫోన్లు పెడదామంటే అవి టైప్-సీ, అక్కడి కంప్యూటర్లకేమో పాత గుండ్రటి 3.5 ఎంఎం పిన్ను. బయట మూడు వందల యాభై పెట్టి మైకున్న హెడ్‌సెట్ కొన్నాను. సెమిస్టర్ మొత్తంలో నేను పెట్టిన ఖర్చుల్లో ఇదే ఎక్కువ పనికొచ్చింది.

వినే భాగంలో శబ్దాలతో మొదలవుతుంది. ఇంగ్లీషులో అక్షరాలు 26, శబ్దాలు మాత్రం 44 అని చెప్పి, అచ్చుల గుర్తులు, హల్లుల గుర్తులు రాయిస్తారు. గుర్తులు గుర్తుపెట్టుకోవడం విసుగే. కానీ ఒక రోజు, గతంలో జరిగినదాన్ని చెప్పే క్రియల చివర వచ్చే 'ఈడీ' గురించి చెప్పారు. నేను అప్పటిదాకా అన్నిటినీ 'ఎడ్' అనే పలికేదాన్ని: 'వాకెడ్', 'ప్లేయెడ్', 'స్టాపెడ్'. సాఫ్ట్‌వేర్‌లో వినిపించింది వేరు. 'వాక్ట్', 'ప్లేడ్', 'స్టాప్ట్'. క్రియ చివర ట గానీ డ గానీ ఉంటేనే 'ఎడ్' లాంటి శబ్దం వస్తుంది: 'వాంటెడ్', 'నీడెడ్'. ఇది విన్న తర్వాతి రోజు ప్రోగ్రామింగ్ క్లాసులో కూర్చున్నాను. సార్ 'డిక్లేర్డ్' అన్నారు, 'పాస్ట్' అన్నారు, 'స్టోర్డ్' అన్నారు. ఆరు నెలలుగా నా చెవిన పడుతున్నా పట్టుకోలేకపోయిన మాటలివి. నా మనసులో వాటి రూపం వేరు, సార్ నోట్లో వేరు. మబ్బు విడిపోయినట్టు వాక్యాలు విడివిడిగా వినిపించడం మొదలైంది. క్లాసులో చెప్పేది అర్థం కావాలని నేను కాగితం మీద రాసిన కోరిక తీరింది ఇక్కడే. వొకాబులరీ పెంచుకోకపోవడం వల్లే పాఠం అర్థం కావడం లేదని నన్ను అందరూ నమ్మించారు. చాలావరకు అది వినికిడి సమస్య. దీన్ని చదువు మొదట్లోనే, మిగతా క్లాసులు మొదలయ్యే వారంలోనే చెప్పి ఉంటే ఒక సెమిస్టర్ నాకు దక్కేది. దీని మీద నా బాధ ఇంకా పోలేదు.

మాట్లాడే భాగంలో మొదట వచ్చేది 'జామ్', అంటే 'జస్ట్ ఎ మినిట్'. డబ్బాలోంచి చీటీ తీయాలి, దాని మీద ఉన్న విషయం గురించి ఆగకుండా ఒక నిమిషం మాట్లాడాలి. మార్చి మొదటి వారంలో నా వంతు వచ్చింది. చీటీలో 'మై విలేజ్'. అంతకన్నా తేలికైనది ఉండదు. మా ఊరి చెరువు, వేపచెట్టు కింద రచ్చబండ, బతుకమ్మ రోజున అమ్మ పేర్చే తంగేడు పూలు, అన్నీ కళ్ల ముందుకు ఒక్కసారిగా వచ్చాయి. ఊరి పేరు, జిల్లా పేరు, "పీపుల్ ఆర్ ఫార్మర్స్" అన్నాను. ఆ తర్వాత గొంతు తడారిపోయింది. మేడం చేతిలో ఫోన్ టైమర్ నడుస్తూనే ఉంది. ఎవరూ నవ్వలేదు, అది మాత్రం చెప్పాలి. నిమిషం పూర్తయ్యేదాకా ఆవిడ నన్ను కూర్చోమనలేదు. "సమయం నీది, నిలబడు, మాట వస్తే చెప్పు" అన్నారు. చివర్లో చెరువు గురించి ఇంకొక వాక్యం వచ్చింది. ఆ వాక్యంలో తప్పుందో లేదో నాకిప్పటికీ తెలియదు.

ఆ సాయంత్రం ఒక లెక్క వేసుకున్నాను. ల్యాబ్ బ్యాచ్‌కు ముప్పై మంది. రెండు గంటలంటే నూట ఇరవై నిమిషాలు. మేడం ఒక్క మాట మాట్లాడకపోయినా మనిషికి వచ్చేది నాలుగు నిమిషాలు. హాజరు, సూచనలు, సిస్టమ్‌లు ఆన్ చేయడం పోతే రెండు. వారానికి రెండు నిమిషాలు మాట్లాడి భాష రావాలంటే అయ్యే పని కాదు. ఇది ఏ టీచర్ తప్పూ కాదు. "కాలేజీలో నేర్పిస్తారు" అని నమ్ముతున్నవాళ్లు ఈ లెక్క ఒకసారి వేసుకోవాలని నా కోరిక.

మేడంకు ఈ లెక్క చూపిస్తే కాదనలేదు. మిగతా నిమిషాలు హాస్టల్లో వెతుక్కోమన్నారు. ముందు విషయాన్ని తెలుగులో ఎవరికైనా చెప్పు, తర్వాత అదే ఇంగ్లీషులో ఫోన్‌లో రికార్డ్ చెయ్యి, వెంటనే వినకు, మర్నాడు విను అన్నారు. తెలుగులో ముందు చెప్పుకోమని ఒక ఇంగ్లీష్ టీచర్ అనడం నేను మొదటిసారి విన్నాను. అప్పటిదాకా అందరూ "ఇంగ్లీషులోనే ఆలోచించు" అనేవాళ్లే. నా వరకు మేడం చెప్పిందే పనిచేసింది. ఏం చెప్పాలో ముందు తేలిపోతే, మాట వెతుక్కోవడం ఒక్కటే మిగులుతుంది. రాత్రి భోజనాలయ్యాక హాస్టల్ డాబా మీద నేను, రూమ్మేట్, ఆదిలాబాద్ నుంచి వచ్చిన ఇంకో అమ్మాయి కూర్చునేవాళ్లం. తప్పుల్ని మధ్యలో దిద్దకూడదని ఒక నియమం పెట్టుకున్నాం. అయిపోయాక ఒక్క తప్పు మాత్రమే చెప్పాలి. రెండు చెప్తే మర్నాడు మాట్లాడబుద్ధి కాదు. ఆదిలాబాద్ అమ్మాయి మొదట్లో నాకన్నా తక్కువ మాట్లాడేది. ఏప్రిల్‌కల్లా తనని ఆపడం మా వల్ల కాలేదు.

మొదటి మిడ్ ఏప్రిల్‌లో అయింది. పది మార్కుల ఆబ్జెక్టివ్, ఇరవై మార్కుల రాత. మా ఆర్22 పద్ధతిలో రెండు మిడ్‌ల సగటు తీసుకున్నారు. దానికి అసైన్‌మెంట్ల ఐదు, పీపీటీ లేదా వైవా ఐదు కలిపితే ఇంటర్నల్ 40. ఈ పీపీటీ ఐదు మార్కులు ఒక్క ఇంగ్లీష్‌కే కాదు, మిగతా థియరీ సబ్జెక్టుల్లోనూ ఉంటాయి. చిన్న మార్కులే అని చాలామంది సీనియర్ల స్లయిడ్లు తెచ్చి చదివేస్తారు. దయచేసి అలా చేయకండి. ముప్పై మంది వంతు కోసం కాచుకోకుండా నిలబడి మాట్లాడే అవకాశం ఫస్టియర్‌లో దొరికేది అక్కడే.

ఫిజిక్స్‌లో నాకు ఆప్టికల్ ఫైబర్ వచ్చింది. డాబా మీద తెలుగులో చెప్పాను, తర్వాత ఇంగ్లీషులో. మే నెల మధ్యలో క్లాసులో చెప్పాను. మూడో స్లయిడ్ దగ్గర సార్ ఆపి, కాంతి ఫైబర్‌లోంచి బయటికి ఎందుకు పోదని అడిగారు. గుండె దడదడలాడింది. లోపలి భాగానికి వక్రీభవన గుణకం ఎక్కువ, బయటి పొరకు తక్కువ, కోణం ఒక హద్దు దాటితే కాంతి మొత్తం లోపలికే తిరిగి వస్తుంది. ఈ ముక్కలు ఇంగ్లీషులో వచ్చాయి. వరుస సరిగ్గా లేదు, ఒకచోట 'అంటే' అని తెలుగు కూడా దొర్లింది, కానీ వచ్చాయి. సార్ తల ఊపి "కంటిన్యూ" అన్నారు. ఐదుకు నాలుగు వేశారు. రాత్రి ఫోన్ చేసి అమ్మకు చెప్తే, "నాలుగేనా, ఒకటెందుకు పోయింది బిడ్డా?" అంది. ఆ నాలుగు నాకెంతో ఆమెకు ఎలా చెప్పాలో తెలియక ఊరుకున్నాను.

గ్రూప్ డిస్కషన్ జూన్ మొదట్లో. పది మంది ఒక గుండ్రం. కృత్రిమ మేధ వల్ల ఉద్యోగాలు పోతాయా అన్నది విషయం. కార్పొరేట్ స్కూల్ నుంచి వచ్చిన ఇద్దరు మైకు అవసరం లేని గొంతులతో మొదలుపెట్టారు. నేను మధ్యలో రెండుసార్లు మాట్లాడాను. ఒకసారి నా మాట, ఇంకోసారి మూలన కూర్చున్న అబ్బాయిని "నువ్వేమంటావు?" అని అడగడం. నాకు ఆ ఇద్దరికన్నా ఒక మార్కు ఎక్కువ వచ్చింది. మేడం కారణం కూడా చెప్పారు. ఎదుటివాళ్ల మాట విని దానికి ముడివేయడానికి, మాట్లాడని వాళ్లను కలుపుకోవడానికి విడిగా మార్కులుంటాయి, గట్టిగా అరిస్తే తగ్గుతాయి. ఈ సంగతి తెలిసుంటే మౌనంగా కూర్చుని మార్కులు పోగొట్టుకున్న చాలామంది కనీసం ఒక ప్రశ్న అడిగేవాళ్లు.

ల్యాబ్ ఎక్స్‌టర్నల్ రోజు ఉదయం తొమ్మిదికి రమ్మన్నారు. రోల్ నంబర్ వరుసలో పిలుస్తారు. నా వంతు వచ్చేసరికి మధ్యాహ్నం మూడు దాటింది. నీళ్లు, తినడానికి ఏదైనా వెంట తీసుకెళ్లండి, మధ్యలో బయటికి వెళ్తే నంబర్ దాటిపోతుందన్న భయంతో ఎవరూ కదలరు. వినే పరీక్ష ముందుగా అందరికీ కలిపి పెట్టారు. ఒక సంభాషణ రెండుసార్లు వినిపించి ప్రశ్నలిచ్చారు. తర్వాత ఎక్స్‌టర్నల్ మేడం ముందు జామ్, దాని మీదే రెండు ప్రశ్నలు. నాకు వచ్చిన విషయం నీటి పొదుపు. నిమిషం నిండింది. అంతకుముందే నా రికార్డు బుక్కులో ఒక ప్రయోగానికి సంతకం లేదని, ముందు అది చేయించుకు రమ్మన్నారు, ఆ పరుగులో వచ్చిన చెమట అప్పటికింకా ఆరనే లేదు. సంతకాలు ముందు రోజే సరిచూసుకోండి.

థియరీ పరీక్ష జూన్ చివర్లో. మూడు గంటలు, 60 మార్కులు. పది ఒక మార్కు ప్రశ్నలు, ఒక్కో యూనిట్ నుంచి పది మార్కుల ప్రశ్న. మా ఆర్22 పద్ధతిలో పాసవ్వడానికి రాతలో 35 శాతం, అంటే 21 రావాలి, ఇంటర్నల్‌లో 14 రావాలి, మొత్తం మీద 40 శాతం రావాలి. లేఖ, పేరాగ్రాఫ్, తప్పులు దిద్దడం వంటివి సాధన చేసినవాళ్లకు ఈ పేపర్ గండం కాదు. దీని గురించి ఇంతకన్నా చెప్పడానికి ఏమీ లేదు.

ఫలితాలకు దాదాపు ఆరు వారాలు ఆగాం. ఆగస్టులో వచ్చాయి. థియరీలో ఏ, ల్యాబ్‌లో బీ ప్లస్. నా దృష్టిలో అటుది ఇటు కావాలి. థియరీలో వచ్చిన గ్రేడు ఇంటర్‌లో అలవాటైన రాతతోనే వచ్చింది. ఆ సెమిస్టర్ నాకు ఇచ్చిందంతా బీ ప్లస్ ఉన్న వైపే ఉంది.

ఖర్చు కూడా రాసేస్తాను, చాలామంది అడుగుతారు. కోచింగ్ నాలుగు వేల ఐదు వందలు, మెట్రో చార్జీలు వేరే. హెడ్‌సెట్ 350. ల్యాబ్ మాన్యువల్, రికార్డు కలిపి 220. ప్రెజెంటేషన్ల రోజు ఫార్మల్స్ ఉండాలన్నారు, ఒక జత 1,100 అయింది. అది రూమ్మేట్ దగ్గర తీసుకున్నా సరిపోయేది. టెక్స్ట్‌బుక్ కొనలేదు, లైబ్రరీలో ఉంది. మళ్లీ మొదటి నుంచి అయితే హెడ్‌సెట్, మాన్యువల్, రికార్డు తప్ప ఇంకేదీ కొనను.

సెమిస్టర్ చివర ఇచ్చిన ఫీడ్‌బ్యాక్ ఫారంలో డాబా మీద కూర్చునే మేము ముగ్గురం ఒకేలా రాశాం. వినే సాధన మొదటి సెమిస్టర్ మొదటి నెలలోనే పెట్టండి, ల్యాబ్ బ్యాచ్‌ను పదిహేను మందికి తగ్గించండి అని. సిలబస్ క్రమం మార్చడం మా చేతుల్లో లేదు, బ్యాచ్ తగ్గించాలంటే టీచర్లు కావాలి అని సెప్టెంబర్‌లో జవాబు వచ్చింది. కానీ కొత్తగా చేరిన ఫస్టియర్ వాళ్లకు శనివారం లైబ్రరీ పీరియడ్‌లో ల్యాబ్ తెరిచి ఉంచుతున్నారు. హాజరు వేయరు, మార్కులు లేవు, అందుకే వచ్చేవాళ్లు తక్కువ. మా కాలేజీలో చేరినవాళ్లెవరైనా ఇది చదువుతుంటే, మూడో అంతస్తులో ఉంటుంది, మైకున్న హెడ్‌సెట్ తెచ్చుకోండి. మేము ముగ్గురం ఆ గంటలో అక్కడే ఉంటాం.